విజిల్ వేసినంత మాత్రాన పొయ్యి ఆరదు

హైదరాబాదు, బెంగళూరు లాంటి నగరాల్లో కొన్నేళ్లుగా ఒక కొత్త వ్యాపారం కనిపిస్తోంది. డబ్బు కడితే ఒక గది ఇస్తారు. తలకు హెల్మెట్, ఒంటికి దళసరి జాకెట్, చేతిలో బ్యాటు. గదిలో ఖాళీ సీసాలు, పాత కీబోర్డులు, పనిచేయని టీవీలు ఉంటాయి. ఇచ్చిన సమయంలో ఎన్ని పగలగొట్టగలిగితే అన్ని పగలగొట్టుకోవచ్చు. వీటిని ‘రేజ్ రూమ్’లు అంటున్నారు. ఆఫీసులో మేనేజరు మీద, ఇంట్లో పోరు మీద, తెగిపోయిన స్నేహం మీద పేరుకున్న కోపమంతా అక్కడ దిగిపోతుందన్నది వాటి ప్రచారం. బయటికి వచ్చినవారిలో చాలామంది హాయిగా ఉందనే అంటారు.

హాయిగా ఉండటం నిజమే కావచ్చు. కోపం తగ్గిందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రం దగ్గర చాలా కాలంగా సమాధానం ఉంది. అది ఈ వ్యాపారానికి అనుకూలంగా లేదు.

నిజానికి రేజ్ రూమ్‌లు కనిపెట్టిన కొత్త నమ్మకమేమీ లేదు. “లోపల పెట్టుకోకు, కక్కేయ్, తేలికవుతుంది” అన్న సలహా ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. దిండును గుద్దమనీ, గట్టిగా అరవమనీ, నాలుగు తిట్లు తిట్టేసి మర్చిపొమ్మనీ చెప్పేవారు టీవీ చర్చల్లోనూ, వ్యక్తిత్వ వికాస తరగతుల్లోనూ దొరుకుతారు. ఈ సలహాల వెనుక ఒక బొమ్మ ఉంది. మనిషి ప్రెషర్ కుక్కర్ లాంటివాడు, కోపం ఆవిరి లాంటిది, అప్పుడప్పుడూ విజిల్ వేయకపోతే పేలిపోతాడు.

పోలిక సబబుగానే కనిపిస్తుంది. కానీ దీన్ని వాడేవారు కుక్కర్‌ను సరిగ్గా గమనించినట్టు లేదు. వంటింటి కుక్కర్‌లో ఆవిరి పీడనం బయటి వాతావరణ పీడనానికి దాదాపు రెట్టింపవుతుంది. అందువల్ల లోపలి నీరు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. పీడనం ఆ హద్దు దాటగానే పైన ఉన్న వెయిట్ లేస్తుంది, కాస్త ఆవిరి బుస్సుమంటూ బయటికి పోతుంది, వెయిట్ మళ్లీ కూర్చుంటుంది. విజిల్ పని అక్కడికే పూర్తవుతుంది. అది కుక్కర్‌ను పేలకుండా కాపాడుతుంది గానీ చల్లార్చదు. కింద మంట వెలుగుతున్నంత సేపూ పోయిన ఆవిరి స్థానంలో కొత్త ఆవిరి పుడుతూనే ఉంటుంది, ఇంకాసేపటికి మరో విజిల్ వస్తుంది. పప్పు ఉడికేది ఆ వేడి నిలిచి ఉండబట్టే. మూడు విజిళ్లు వచ్చాయి కదా, ఇక చల్లబడుతుందిలే అని స్టవ్ కట్టేయకుండా వెళ్లిపోయేవారు ఎవరూ ఉండరు. కోపం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ఆ పనే చేస్తున్నారు.

‘కక్కేయడం’ అనే ఆలోచనకు పెద్ద వంశమే ఉంది. విషాద నాటకం చూసినప్పుడు భయం, జాలి లాంటి భావాలు ప్రక్షాళన అవుతాయని అరిస్టాటిల్ అన్నాడు. 1895లో వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ ఆ మాటనే తమ చికిత్సకు పెట్టుకున్నారు. అణచిపెట్టిన భావాలు రోగంగా మారతాయనీ, వాటిని బయటికి రప్పిస్తే నయమవుతుందనీ వాళ్లు భావించారు. 1970లో అమెరికాలో ఆర్థర్ జానోవ్ గొంతు చించుకుని అరవడాన్నే చికిత్సగా ప్రచారం చేస్తే సినీ తారలు, సంగీతకారులు ఆయన దగ్గర వరస కట్టారు. ఇంత చరిత్ర ఉన్న ఆలోచనను ప్రయోగశాలలో పరీక్షించి చూస్తే ఏమైందో తెలుసుకోవాలి.

అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగం 2002లో ప్రచురితమైంది. 600 మంది విద్యార్థులు పాల్గొన్నారు. సగం మంది అబ్బాయిలు, సగం మంది అమ్మాయిలు. ప్రతి ఒక్కరూ ఒక వ్యాసం రాశారు. పక్క గదిలోని మరో విద్యార్థి దాన్ని దిద్దుతాడని చెప్పారు. అలాంటి విద్యార్థి ఎవరూ లేరు, దిద్దింది పరిశోధకులే. వ్యాసం ఎంత బాగా రాసినా అతి తక్కువ మార్కులు వేసి, తాను చదివిన అతి చెత్త వ్యాసాల్లో ఇదొకటని ఎర్రసిరా తరహాలో ఒక వ్యాఖ్య తగిలించారు. ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కావలసిందీ అదే.

ఇప్పుడు వాళ్లను మూడు బృందాలు చేశారు. మొదటి బృందం పంచింగ్ బ్యాగును గుద్దాలి, గుద్దుతున్నంత సేపూ ఆ దిద్దినవాడిని తలచుకోవాలి. అతనిదేనంటూ ఒక ఫొటో కూడా చూపించారు. రెండో బృందం కూడా అదే బ్యాగును గుద్దాలి, కానీ ఒంటికి వ్యాయామం అవుతోందని అనుకుంటూ గుద్దాలి. మూడో బృందానికి ఏ పనీ లేదు. కంప్యూటర్ ఏదో సరిచేస్తున్నామంటూ వాళ్లను రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఎవరెంత కోపంగా ఉన్నారో కొలిచారు. చివర్లో ఒక ఆట పెట్టి, ఆ పక్క గది విద్యార్థి చెవుల్లోకి కర్ణకఠోరమైన శబ్దం పంపే అవకాశం ఇచ్చారు. ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నది వాళ్ల ఇష్టం.

కక్కేస్తే తగ్గుతుందన్న మాట నిజమైతే మొదటి బృందం అందరికంటే శాంతంగా ఉండాలి. తేలింది తలకిందులుగా. తిట్టుకుంటూ గుద్దినవారే అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్నారు, అందరికంటే గట్టి శబ్దం పంపారు. అతి తక్కువ దూకుడు చూపినవారు ఏమీ చేయకుండా కూర్చున్నవారు. రెండు నిమిషాల ఖాళీ ముందు బ్యాగు ఓడిపోయింది.

ఈయనే మరో ఇద్దరితో కలిసి 1999లో చేసిన పరిశోధన ఇంకా ఇబ్బంది పెట్టే విషయం చెబుతుంది. అందులో కొందరికి ముందుగా, కోపాన్ని బయటపెట్టడం మంచిదని సమర్థించే వ్యాసం చదివించారు. అలా చదివినవారు కోపం వచ్చాక బ్యాగును గుద్దడానికి ఎక్కువ మొగ్గు చూపారు, గుద్దాక కూడా వారి దూకుడు తగ్గలేదు, పెరిగింది. అంటే పత్రికలూ, టీవీలూ ఇచ్చే సలహా నిరపాయకరమైన తప్పేమీ కాదు. అది మనుషుల ప్రవర్తనను మారుస్తుంది. ‘అరిచేయండి, తేలికవుతారు’ అని రాసే ముందు రాసేవాళ్లు ఒక్క క్షణం ఆగాల్సింది ఇందుకే.

మరి గుద్దాక హాయిగా ఎందుకు అనిపిస్తుంది? పగ తీర్చుకున్న అనుభూతి నిజంగానే తియ్యగా ఉంటుంది. ఆ తీపే చిక్కు. తియ్యగా ఉన్న పనిని మెదడు మళ్లీ చేయమంటుంది. వచ్చేసారి కోపం వచ్చినప్పుడు చెయ్యి ముందే లేస్తుంది.

శరీరంలో ఏం జరుగుతుందో చూస్తే సంగతి ఇంకాస్త స్పష్టపడుతుంది. కోపం వచ్చినప్పుడు అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కండరాలు బిగుస్తాయి, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది. హార్వర్డ్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే ఈ మార్పులను వివరించాడు. ప్రమాదం ఎదురైతే కలబడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. అయితే రక్తంలోకి వచ్చిన అడ్రినలిన్ ఎక్కువసేపు ఉండదు. రెండు మూడు నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది. ఆ లెక్కన కోపం పావుగంటలో దిగిపోవాలి. పొద్దున జరిగిన గొడవ రాత్రి పడుకునేదాకా ఎందుకు మండుతుంటుంది? జరిగినదాన్ని మనిషి నెమరువేస్తూ ఉంటాడు కాబట్టి. ‘వాడు అంతమాట అన్నాడు, నేను ఇలా అనాల్సింది’ అని గుర్తు చేసుకున్న ప్రతిసారీ శరీరం ఆ గొడవ ఇప్పుడే జరుగుతున్నట్టు స్పందిస్తుంది. నెమరువేతే ఇక్కడి స్టవ్. నలుగురికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు నాలుగుసార్లు చెప్పుకోవడం కూడా చాలాసార్లు ఆ కోవలోకే వస్తుంది.

2024లో ఈ విషయం మీద పెద్ద లెక్కాడొకటి జరిగింది. సోఫీ క్యార్విక్, బుష్‌మన్ కలిసి 154 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 10,189 మంది వివరాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. కోపం తగ్గించడానికి వాడే పద్ధతులను రెండు కుప్పలుగా పోశారు. శరీర ఉద్రేకాన్ని తగ్గించేవి ఒక కుప్ప. నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం, కండరాలను వదులు చేయడం, నిదానమైన యోగాసనాలు, గొడవ నుంచి కాసేపు పక్కకు తప్పుకోవడం ఇందులోకి వస్తాయి. ఉద్రేకాన్ని పెంచేవి రెండో కుప్ప. బ్యాగు గుద్దడం, పరుగు, సైకిల్ తొక్కడం లాంటివి. మొదటి కుప్ప పనిచేసింది. ప్రయోగశాలలోనూ బయటా, విద్యార్థుల్లోనూ నేరం చేసి శిక్ష పడ్డవారిలోనూ, ఒంటరిగా చేసినా గుంపుగా చేసినా పనిచేసింది. రెండో కుప్ప మొత్తం మీద ఏ ఉపయోగమూ చూపలేదు.

అందులో ఒక చిన్న వింత ఉంది. జాగింగ్ చేసినవారిలో కోపం పెరిగింది, బంతి ఆటలు ఆడినవారిలో తగ్గింది. ఆట ఉల్లాసాన్నిస్తుంది, మనసును ఆటలోనే ఉంచుతుంది. ఒంటరి పరుగులో కాళ్లు పరిగెడుతుంటే మనసు గొడవ చుట్టూ తిరగడానికి బోలెడంత తీరిక. గుండె ఆరోగ్యానికి పరుగు మంచిదే, రోజూ పరిగెత్తేవారు మానాల్సిన పని లేదు. కోపం వచ్చిన ఆ నిమిషంలో బూట్లు వేసుకుని బయల్దేరితే మాత్రం ఆశించిన ఫలితం రాకపోవచ్చు.

ఉద్రేకం తగ్గించే పద్ధతుల్లో అందరికీ అందుబాటులో ఉన్నది ఊపిరి. దీని గురించి చెప్పేవారు చాలామంది ‘ప్రాణశక్తి’ దాకా వెళ్లిపోతారు, అంత దూరం అక్కర్లేదు. ఇందులో ఉన్నది ఉయ్యాల ఊపడం వెనుక ఉన్న భౌతిక శాస్త్రమే. రక్తపోటును నిలకడగా ఉంచడానికి మెడలోని ధమనుల్లో, బృహద్ధమనిలో పీడనాన్ని పసిగట్టే నాడీ కొసలు ఉంటాయి. పీడనం పెరిగితే అవి మెదడుకు కబురు పంపుతాయి, మెదడు వేగస్ నాడి ద్వారా గుండెను నెమ్మదింపజేస్తుంది. కబురు వెళ్లి రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఈ వ్యవస్థకు దాదాపు పది సెకన్ల సహజ లయ ఒకటి ఉంది. మామూలుగా మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు, అది ఈ లయతో కలవదు. నిమిషానికి ఆరుసార్లకు తగ్గిస్తే ఒక్కో ఊపిరికి పది సెకన్లు పడుతుంది, రెండు లయలూ కలుస్తాయి. ఉయ్యాలను సరైన వేళకు తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగినట్టు, గుండెను నెమ్మదింపజేసే యంత్రాంగం అప్పుడు బలంగా పనిచేస్తుంది.

2001లో ఇటలీ పరిశోధకుడు లుచానో బెర్నార్డీ బృందం 23 మంది మీద చేసిన ఒక పరీక్ష ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. వారిచేత లాటిన్‌లో క్రైస్తవ జపమాల ప్రార్థన చేయించారు, ‘ఓం మణి పద్మే హూం’ అనే బౌద్ధ మంత్రమూ చదివించారు. రెండూ ఊపిరిని నిమిషానికి ఇంచుమించు ఆరుకు తెచ్చాయి, రెండింటిలోనూ రక్తపోటును నియంత్రించే స్పందన మెరుగుపడింది. మతాలు వేరు, భాషలు వేరు, శ్వాస లెక్క ఒక్కటే. మంత్రం అక్కర్లేదనుకునేవారు మనసులో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదిలితే చాలు. ఐదు నిమిషాలు చేస్తే ముప్ఫై ఊపిర్లవుతాయి. ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి, “చేశాను, ఏమీ కాలేదు” అనడం కుదరదు. కోపం లేని రోజుల్లో అలవాటు చేసుకోనివారికి అది వచ్చిన రోజున ఈ లెక్క గుర్తే రాదన్నది మరో చిక్కు.

గొడవ జరుగుతున్న చోటు నుంచి పక్కకు వెళ్లడం కూడా ఆ పట్టికలో ఉంది. అయితే తలుపు ధడేల్మని వేసి వెళ్లిపోవడం, రెండు రోజులు మాట మానేయడం ఇందులోకి రావు. ఎదుటివారికి అది మరో దెబ్బ. “ఇప్పుడు మాట్లాడితే నోరు జారుతుంది, అరగంటలో వస్తాను” అని చెప్పి వెళ్లి, చెప్పినట్టు తిరిగి రావాలి. రాకపోతే రెండోసారి ఆ మాటను ఎవరూ నమ్మరు. ఆ అరగంటలో ఏం చేస్తారన్నది కూడా ముఖ్యమే. బాల్కనీలో నిలబడి వాదనకు పదును పెట్టుకుంటూ గడిపితే బయటికి వెళ్లినట్టే కాదు.

నెమరువేత ఆపమంటే ఆగేది కాదు. దాన్ని వేరే దారికి మళ్లించవచ్చని మిషిగన్ యూనివర్సిటీకి చెందిన ఈథన్ క్రాస్, ఆయన సహచరుల పరిశోధనలు చూపిస్తున్నాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులకు కష్టమైన పదపజిళ్లు ఇచ్చి, జవాబులు మైకులో చెప్పమన్నారు. ప్రయోగం నడిపే వ్యక్తి మధ్యలో మాటిమాటికీ అడ్డుపడి, గట్టిగా చెప్పమని చిరాకుపడి, చివరికి చెప్పింది కూడా చేయలేవా అన్నట్టు కసురుకున్నాడు. తర్వాత ఆ సంఘటనను కొందరిని తమ కళ్లతోనే మళ్లీ చూస్తున్నట్టు గుర్తు చేసుకోమన్నారు. మరికొందరిని, దూరంగా నిలబడి ఎవరికో జరుగుతున్నదాన్ని చూస్తున్నట్టు గుర్తు చేసుకోమన్నారు. దూరం నుంచి చూసినవారిలో కోపమూ దూకుడూ తక్కువగా కనిపించాయి. అప్పుడే కసురు తిన్న మనిషికి కూడా ఇది సాధ్యపడటం విశేషం. ‘నాకెందుకింత కోపం’ అనే బదులు తన పేరుతోనే ‘రమేశ్‌కు ఎందుకింత కోపం వచ్చింది’ అని అడుగుకోవడం ఇలాంటి చిట్కాయే. మొదట్లో నవ్వు వస్తుంది. వస్తే మరీ మంచిది.

జపాన్‌లోని నగోయా యూనివర్సిటీ పరిశోధకులు 2024లో ఇంకో మార్గం చూపారు. అవమానపడ్డవారు తమకు ఏమనిపించిందో కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో పడేసినప్పుడు లేదా ముక్కలు చేసినప్పుడు కోపం దాదాపు మొదటి స్థాయికి దిగింది. కాగితాన్ని దగ్గర ఉంచుకున్నవారిలో అంతగా దిగలేదు. ఇది చిన్న ప్రయోగం, దీని మీద మేడలు కట్టకూడదు. కానీ ఖర్చు లేని పని. రాత్రి పదకొండు గంటలకు ఫ్యామిలీ గ్రూపులో పెట్టబోయే పెద్ద మెసేజీకి ఇది తప్పకుండా మెరుగైన ప్రత్యామ్నాయం.

ఇదంతా మంట రాజుకున్నాక చేయాల్సిన పని. కట్టెలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది చాలా సలహాల్లో కనిపించదు. అమెరికాలో 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో కొందరి నిద్రను రెండు రాత్రుల పాటు రోజుకు రెండు నుంచి నాలుగు గంటలు తగ్గించారు. తర్వాత చికాకు పెట్టే శబ్దాల మధ్య పని చేయిస్తే, మామూలుగా నిద్రపోయినవారికంటే వీరికి కోపం ఎక్కువగా వచ్చింది. మామూలు మనుషులు విసుగుకు కొంత అలవాటు పడ్డారు, నిద్ర లేనివారు పడలేకపోయారు. ఆకలి కూడా అంతే. 2022లో మధ్య యూరప్‌లో 64 మంది 21 రోజుల పాటు రోజుకు ఐదుసార్లు తమ ఆకలినీ చికాకునూ ఫోనులో నమోదు చేశారు. రెండూ కలిసే పెరిగాయి.

ఎండ సంగతి తెలుగువారికి వేరే చెప్పాల్సిన పని లేదు. 1986లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అమెరికాలోని ఎడారి నగరం ఫీనిక్స్‌లో పరిశోధకులు కావాలనే ఒక కారును పచ్చలైటు పడ్డాక కూడా కదలకుండా నిలిపి ఉంచారు. వెనక కారు వాళ్లు ఎంతసేపు హారన్ కొడతారో లెక్కపెట్టారు. ఎండ పెరిగేకొద్దీ హారన్ పెరిగింది. అద్దాలు దించుకున్నవారిలో, అంటే ఏసీ లేని కార్లలో, ఈ సంబంధం మరింత బలంగా ఉంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం రెండు గంటలకు ఆటో నడిపే మనిషికి ‘కోపం తగ్గించుకో నాయనా’ అని నీతి చెప్పడం తేలిక. ఆటో స్టాండులో నీడ, తాగునీరు ఏర్పాటు చేయడం అంత తేలిక కాదు, కానీ కోపం తగ్గించే ఏర్పాట్లలో అదీ ఒకటి. ముంబై పోలీసులు కొన్ని కూడళ్లలో శబ్దం కొలిచే మీటర్లను సిగ్నళ్లకు తగిలించి పరీక్షించి, 2020 జనవరిలో ఆ సంగతి ప్రకటించారు. హారన్ల మోత 85 డెసిబెళ్లు దాటితే ఎర్రలైటు లెక్క మళ్లీ మొదటికి వచ్చేది. ఎవరికీ ధ్యానం నేర్పలేదు, హారన్ కొడితే లాభం లేకుండా చేశారు. మనుషుల స్వభావం మార్చడం కంటే సిగ్నల్ మార్చడం సులువని వాళ్లు గ్రహించినట్టున్నారు.

కంపెనీలు ఉద్యోగులకు పెట్టే ‘ఒత్తిడి నియంత్రణ’ తరగతులను కూడా ఈ కోణం నుంచి చూడాలి. రాత్రి షిఫ్టు మీద షిఫ్టు వేసి, శనివారం ఉదయం శ్వాస వ్యాయామం నేర్పితే, కింద కట్టెలు దోపుతూ పైన విసనకర్రతో విసిరినట్టే ఉంటుంది.

కోపమంతా చెడ్డదన్నట్టు మాట్లాడితే అదీ తప్పే. జేమ్స్ అవెరిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల తొలినాళ్లలో మామూలు మనుషుల రోజువారీ కోపాలను సేకరించి చూశాడు. కోపం ఎక్కువగా శత్రువుల మీద కాకుండా ఇష్టమైనవారి మీదే వస్తోందనీ, చేయి చేసుకోవడం దాకా వెళ్లేవి కొద్దేననీ, చెడు కంటే మంచే జరిగిందని చెప్పేవారు ఎక్కువనీ ఆయన గమనించాడు. కూలి ఎగ్గొట్టినవాడి మీద, బస్సులో అమ్మాయిని వేధించినవాడి మీద కోపం రాకపోతే మనిషిలో ఏదో లోపం ఉన్నట్టే. ఉద్రేకాన్ని దించడం అంటే ఫిర్యాదును వదులుకోవడం కాదు. దిగాక అదే మాటను స్పష్టంగా, ఎదుటివాడు తప్పించుకోలేనట్టు చెప్పవచ్చు. కోపాన్ని మింగి ఏమీ జరగనట్టు ఉండటం కూడా పరిష్కారం కాదు. మింగినవారు లోపల నెమరువేస్తూనే ఉంటారు, మూత బిగించినా స్టవ్ వెలుగుతున్నట్టే.

గుండెకు సంబంధించిన లెక్కలు కొంత భయపెడతాయి, వాటిని సరిగా అర్థం చేసుకోవాలి. 2014లో తొమ్మిది అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, తీవ్రమైన కోపం తర్వాతి రెండు గంటల్లో గుండెపోటు ముప్పు మిగతా సమయాలతో పోలిస్తే దాదాపు 4.7 రెట్లు ఉన్నట్టు తేలింది. ఆరోగ్యవంతుడికి ఏ రెండు గంటల్లోనైనా గుండెపోటు వచ్చే అవకాశం అతి స్వల్పం కాబట్టి దాన్ని ఐదింతలు చేసినా స్వల్పమే. కానీ రోజుకు నాలుగైదుసార్లు మండిపడేవారికి, అప్పటికే బీపీ, షుగరు ఉన్నవారికి ఆ స్వల్పాలన్నీ కలిసి పెరుగుతాయి. 2024లో న్యూయార్క్‌లో 280 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన ప్రయోగంలో, కోపం తెప్పించిన పాత సంఘటనను ఎనిమిది నిమిషాలు గుర్తు చేసుకుంటే చాలు, రక్తనాళాలు వ్యాకోచించే సామర్థ్యం 40 నిమిషాల దాకా తగ్గింది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, కేవలం గుర్తు చేసుకున్నారు.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా చెప్పాల్సిన సంగతి. “నాకు కోపం వస్తే నేను మనిషిని కాను” అని చెప్పుకునేవారిలో చాలామంది ఆఫీసులో పై అధికారి ముందు చక్కగా మనుషులుగానే ఉంటారు. ట్రాఫిక్ పోలీసు ముందు ఉంటారు. బ్యాంకులో లోను అడిగేటప్పుడు ఉంటారు. ఇంటికి వచ్చాక, తిరిగి కొట్టలేనివారి ముందే అదుపు తప్పుతుంది. ఇది అదుపు లేకపోవడం అనడానికి లేదు, ఎక్కడ వదలాలో తెలిసిన అదుపు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య, పెళ్లయిన స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించినవారే. తెలంగాణలో ఇది దాదాపు 37 శాతం. ఈ హింసను కోపం ఖాతాలో రాసి, ఊపిరి వ్యాయామం చాలని చెప్పడం దెబ్బలు తిన్నవారికి అన్యాయం. వారికి కావలసింది భద్రత, చట్టం. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉన్నది అందుకు. “ఆయనకు కోపమెక్కువ గానీ మనసు మంచిది” అని సర్దిచెప్పే అత్తమామలు, అమ్మానాన్నలు కూడా ఈ లెక్క చూడాలి.

మరోవైపు, తన కోపాన్ని చూసి తానే భయపడేవారు, తగ్గించుకోవాలని నిజంగా ప్రయత్నిస్తున్నవారు చాలామంది ఉన్నారు. వారికి చికిత్స ఉంది. కోపాన్ని రెచ్చగొట్టే ఆలోచనలను గుర్తించి, వాటిని పరీక్షించడం, ఉద్రేకాన్ని దించడం, ముందుగా సాధన చేయడం అనే మూడింటినీ కలిపి రేమండ్ నొవాకో 1975లో ఒక పద్ధతి రూపొందించాడు. ఆ తరహా చికిత్సలపై జరిగిన 50 అధ్యయనాలను 1998లో కలిపి చూస్తే, చికిత్స తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివారిలో 76 శాతం మందికంటే మెరుగ్గా ఉన్నట్టు తేలింది. మనస్తత్వ చికిత్సల్లో ఇది చిన్న ఫలితమేమీ కాదు.

కొన్నిసార్లు కోపం వేరే జబ్బు వేసుకున్న ముసుగు కూడా కావచ్చు. కుంగుబాటు మగవారిలో చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేసినా, మద్యం అలవాటున్నా, ఏళ్ల తరబడి నొప్పితో బాధపడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నా ముక్కు మీద కోపం ఉంటుంది. చిన్న కారణానికే వస్తువులు పగలగొట్టడం, మీదపడటం మాటిమాటికీ జరుగుతుంటే వైద్యులు దాన్ని ప్రత్యేకమైన రుగ్మతగానే గుర్తిస్తారు. ఇలాంటివారు పిల్లల మీద చెయ్యి లేచేదాకా, ఉద్యోగం పోయేదాకా ఆగి వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన అవసరం లేదు. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చికిత్స దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. కోపం కూడా చెప్పుకోదగ్గ కష్టమేనా అని మొహమాటపడేవారు, గట్టిగా అరిచిన రాత్రి కాకుండా, ఆ మర్నాడు నిదానంగా ఉన్నప్పుడు చేసినా ఫరవాలేదు.